ధనుర్వాతం గదిలో అన్న మాట

మా కాలంలో ఇంటెన్సివ్ కేర్ అనే పేరు లేదు. ప్రాణం మీదికి వచ్చిన రోగులు మాత్రం ఇప్పటిలాగే వచ్చేవారు. యాభైల చివర నేను అనంతపురంలో ఒక ఆసుపత్రిలో చిన్న డాక్టరుగా చేరేనాటికి, అలాంటివారిని వార్డు తలుపుకు దగ్గరున్న మంచాల మీద పడుకోబెట్టేవాళ్ళం. సిస్టర్ కూర్చునే బల్ల అక్కడే ఉండేది కాబట్టి ఆమె కన్ను వాళ్ళమీద ఉంటుందని. ఆక్సిజన్ సిలిండరు ఒక్కటే. ఎవరికి అవసరమైతే వాళ్ళ దగ్గరికి దాన్ని గడగడమంటూ దొర్లించుకుపోయేవాళ్ళం. ఊపిరి ఆడించే యంత్రాన్ని నేను పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూశాను.

ఒక్క జబ్బుకు మాత్రం వేరే గది ఉండేది. అది ధనుర్వాతం. దవడ బిగుసుకుపోతుంది, వెన్ను వంగిపోతుంది, చిన్న చప్పుడైనా, కాస్త వెలుతురైనా, ఎవరి చెయ్యి తగిలినా ఒళ్ళంతా కొయ్యబారి బిగుసుకుంటుంది. ఆ బిగువు గొంతుకు పాకితే ఊపిరి ఆగిపోతుంది. అందుకని వరండా చివరి గదిని ఆ రోగులకు కేటాయించారు. కిటికీలకు నల్లగుడ్డ బిగించారు. తలుపు బందులకు ఆముదం పూసేవారు. సిస్టర్లు చెప్పులు బయట విడిచి లోపలికి పోయేవారు. లోపల మత్తుకిచ్చే పారాల్డిహైడ్ మందు ఘాటు వాసన. ఇంటివాళ్ళకు ప్రవేశం లేదు. వాళ్ళు వరండాలో కూర్చుని మూసిన తలుపును చూస్తూ ఉండేవారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మందుల సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. ఆ తలుపుకు అవతల, ఇవతల ఉన్న మనుషుల గురించి నాకు తెలిసినది కొంత ఉంది. అందులో ఎక్కువ భాగం నేను తప్పు చేసి తెలుసుకున్నదే.

ఊపిరి ఉండగానే

నేను చేరిన కొత్తలో విడపనకల్లు దిక్కునుంచి ఒక వేరుశనగ రైతును తీసుకొచ్చారు. పేగుకు చిల్లుపడి కడుపంతా చీము పట్టింది. వెంట అతని అన్న వచ్చాడు. నిజం చెప్పడం నా ధర్మమనుకుని ఆయనను వరండాలోకి పిలిచి "నమ్మకం చాలా తక్కువ" అన్నాను. ఆయన తలూపాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఎంత ధైర్యవంతుడో అనుకున్నాను. నేను మందులగదికి పోయి వచ్చేసరికి మంచం ఖాళీ. గేటు బయట ఎద్దులబండి కదులుతోంది. పరిగెత్తి పట్టుకున్నాను.

"ఎక్కడికి తీసుకుపోతున్నారు? చికిత్స ఇంకా మొదలే పెట్టలేదు!"

"నువ్వే గదప్పా నమ్మకం ల్యాదంటివి" అన్నాడు ఆ అన్న. కోపంగా కాదు, ఇంత చిన్న సంగతి నాకు తెలియనందుకు జాలిపడుతున్నట్టు అన్నాడు. "ఊపిరి ఉండంగానే ఊరు చేరల్ల. బయట సచ్చినోన్ని మా ఊర్లేకి రానీరు. పొలిమేరలోనే దించి అట్నుంచి అట్లే తీస్కపోతారు. మాయమ్మ ముసల్ది. ఇంట్లో చూసుకోవద్దా కొడుకును?"

"తక్కువ అన్నాను. లేదనలేదు."

"డాక్టరు నోట్లోనుంచి తక్కువ అని వచ్చినాక ఇంగేం మిగిలుండాదప్పా?"

బండి పోయింది. ఆ రైతు ఏమయ్యాడో నాకు తెలియదు.

మా పెద్ద డాక్టరుకు ఈ సంగతి చేరింది. ఆయన మంచి సర్జన్. కత్తి పట్టుకుంటే చేతిలో తొందర ఉండేది కాదు. మాటలో మాత్రం ఉండేది. "నీ నిజం నువ్వే ఉంచుకో. ఈ జిల్లాలో నిజం చెప్తే మంచం ఖాళీ అవుతుంది. బాగైపోతాడు అను. చివరి గంట దాకా అదే అను" అన్నారు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ ఒక్క మాట వల్ల ఆగిపోయినవారు, ఆగినందువల్ల బతికినవారు ఉన్నారు. కానీ ఏడాది తిరిగేసరికి ఏం జరిగిందంటే, మా 'బాగైపోతాడు' ఊళ్ళన్నిటికీ తెలిసిపోయింది. జనం మా మాట వినడం మానేసి మా ముఖాలు చూడడం మొదలుపెట్టారు. డాక్టరు గబగబా నడిచాడా, సిస్టర్ తల దించుకుందా అని చూసి బండి కట్టుకునేవారు. నిజంగా బాగయ్యే రోగి గురించి బాగవుతాడని చెప్పినా నమ్మేవారు లేకపోయారు. ఇది ఆయన గమనించలేదు. నేను గమనించి కూడా నోరెత్తలేదు. పై అధికారి మాట పాటిస్తే తప్పు ఆయనదే అవుతుందనే సుఖం ఒకటి ఉంటుంది. ఆ సుఖానికి నేను తొందరగానే అలవాటుపడ్డాను.

నవ్వు ముఖం

దస్తగిరిది పామిడి. దూదేకులవాళ్ళు. వాళ్ళ ఇంటిల్లిపాదికీ దూది ఏకడం, పరుపులు కుట్టడం పని. ముప్పై ఏళ్ళుంటాయేమో. పరుపు కుడుతుండగా దబ్బనం ఎడమ అరచేతిలో దిగింది. బూడిద అద్ది గుడ్డ కట్టుకున్నాడు. గాయం మానిపోయింది కూడా. తరవాత కొన్నాళ్ళకు సంగటి ముద్ద నోట్లో పెట్టుకుందామంటే దవడ తెరుచుకోలేదు. మూటల లారీ వెనక ఎక్కించి తీసుకొచ్చారు. దారి పొడుగునా కుదుపు కుదుపుకూ బిగుసుకున్నాడట.

వెంట ఇద్దరే వచ్చారు. భార్య మస్తానమ్మ, తండ్రి ఫకీరప్ప. విషానికి విరుగుడు సీరం ఇచ్చి, మత్తుమందిచ్చి, ముక్కులోంచి గొట్టం వేసి, చీకటిగదిలో పడుకోబెట్టి బయటికొచ్చాను.

"బాగైపోతాడు" అన్నాను.

ఫకీరప్ప నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఆ కొస మంచమాయప్పకు గూడ ఇట్లే చెప్తిరంట. ఆయప్ప యాడ ఇప్పుడు?"

ఆ మంచం ఆ పొద్దున్నే కడిగారు.

మరునాడు దస్తగిరికి బిగువులు ఒకదానిమీద ఒకటి వచ్చాయి. నేను మంచం పక్కన నిలబడి నాడి చూసి, హెడ్ సిస్టర్‌తో తెలుగులోనే, మామూలు గొంతుతోనే అన్నాను: "ఇతను రేపటికి ఉండడు. ఈ మంచం రేపు ఖాళీ అవుతుంది, ఇంకో కేసుకు చూసుకోండి."

ఇది చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. పని మాట. అందుకే ఇన్నేళ్ళయినా నన్ను వదలలేదు. కోపంలో అని ఉంటే కోపం మీద నెట్టేసి ఉండేవాణ్ణి.

వరండాలోకి వచ్చేసరికి ఫకీరప్ప తుండు బిగించుకుంటున్నాడు. నా ముఖం చదివేశాడు. "బండి మాట్లాడొస్తా. తీస్కపోతాం" అన్నాడు. మళ్ళీ అంత దూరం కుదుపుల్లో పోతే ఇతను దారిలోనే పోతాడని నాకు కచ్చితంగా తెలుసు. ఇక్కడుంటే బతుకుతాడని నేనేమీ అనుకోవడం లేదు. అయినా బండి మీద పంపడానికి మనసొప్పలేదు. ఏం చెప్పి ఆపాలి? ఉన్న ఒక్క మాటా అరిగిపోయింది.

అప్పటిదాకా నోరు విప్పని మస్తానమ్మ లేచింది. "తీస్కపోతే తీస్కపోదాం మామా. ముందు నన్ను ఆయప్పను చూడనీ."

పెద్ద డాక్టరు ఆ రోజు ఊళ్ళో లేరు. ఆమెను లోపలికి పంపితే కాసేపైనా బండి ఆగుతుందని నా లెక్క. దయతో తలుపు తెరిచానని రాసుకోవాలని ఉంది గానీ అది నిజం కాదు.

ధనుర్వాతంలో ముఖం కండరాలు బిగుసుకుని పెదవులు పక్కలకు లాగబడతాయి. చూసేవాళ్ళకు రోగి నవ్వుతున్నట్టే ఉంటుంది. భయంకరమైన నవ్వు. ఇంటివాళ్ళు అది చూసి కేకపెడతారని భయపడి నేను ఆమె వెనకే నిలబడ్డాను. ఆమె కేకపెట్టలేదు. తలుపు సందులోంచి వచ్చే వెలుతురులో కాసేపు చూసి, మెల్లగా అంది:

"ఏడుస్తాండాడు."

"అది జబ్బు లక్షణమమ్మా. ముఖం కండరాలు బిగుసుకుని..."

"నవ్వే ముఖం జబ్బుదే అయ్యుండొచ్చు సార్. కండ్లు ఆయప్పవే. చెంపలు తడి చూడు. ఏమంటిరి మీరు ఈడ?"

హెడ్ సిస్టర్ నా వైపు చూసింది. నేను మందు సీసా వైపు చూశాను.

ఈ జబ్బులో తెలివి చెడదు, రోగికి అన్నీ తెలుస్తుంటాయి అని పుస్తకంలో ఉంది. నేను చదివాను. పరీక్షలో రాశాను. మార్కులు కూడా వచ్చాయి. మంచం పక్కన నిలబడినప్పుడు మాత్రం, నోరు మూసుకుపోయిన మనిషికి చెవులు కూడా మూసుకుపోయాయన్నట్టే ఇన్నాళ్ళూ మాట్లాడాను.

వేళ్ళు

ఆమె మంచం దగ్గరికి పోయింది. ముట్టుకోవద్దని చెప్పబోయాను. ఆమె ముట్టుకోలేదు. ముందు మాట చెప్పింది. "ఇదో, నేనే. కుడిచెయ్యి పట్టుకుంటా." కాసేపు ఆగింది. అప్పుడు పట్టుకుంది. ఒళ్ళు కాస్త గట్టిపడింది గానీ పెద్ద బిగువు రాలేదు. నేను పట్టుకున్నప్పుడల్లా వచ్చేది.

"నా మాట వినపడతాండాదా? పడితే ఇంగా అను."

అతని చూపుడువేలు పైకి లేచింది.

నేను మోకాళ్ళమీద కూర్చుని ఆ వేలిని చూశాను. ఈ జబ్బు చేతివేళ్ళను చాలావరకు వదిలేస్తుందని కూడా చదివాను. ఆ మిగిలిన వేళ్ళతో ఏం చెయ్యవచ్చో ఆలోచించలేదు. "ఇదేమిటమ్మా?" అని గుసగుసగా అడిగాను.

ఆమె చెప్పింది. దూది ఏకేటప్పుడు నోటికీ ముక్కుకూ గుడ్డ కట్టుకుంటారు. లేకపోతే గదంతా ఎగిరే పీచు గొంతులోకి పోతుంది. ఏకే విల్లు తీగ మోత ఒకపక్క. మాట్లాడినా వినపడదు. అందుకని అతను విల్లు కొడుతుంటే ఆమె దూది అందిస్తూ వేళ్ళు చూస్తుంది. చూపుడువేలు లేస్తే ఇంకా వెయ్యి. బొటనవేలు లోపలికి మడిస్తే వద్దు. వాళ్ళ ఇళ్ళలో పిల్లలు కూడా ఇది ఎవరూ నేర్పకుండానే నేర్చుకుంటారట.

"అంటే అవును, కాదు అని చెప్పగలడు!"

"ఇంట్లో ఎక్కువగా కాదనే చెప్తాడు" అంది ఆమె.

ఫకీరప్పను పిలిచాను. ఆయన నమ్మలేదు. "నొప్పికి కదుల్తాంటాది వేలు. దానికి అర్థమేముండాది?" అన్నాడు. ఆ సందేహం న్యాయమైనదే. నాకూ ఉంది. కాబట్టి పరీక్షపెట్టాం. నేను మద్రాసులో చదువుకుని వచ్చినప్పటినుంచి రోగులతో పుస్తకాల తెలుగే మాట్లాడేవాణ్ణి. పుట్టింది ఊరి పక్కనున్న బుక్కరాయసముద్రంలోనే అయినా. ఆ రోజు ఎందుకో మా అమ్మతో మాట్లాడే మాటలే నోటికొచ్చాయి.

"దస్తగిరీ, నేను డాక్టర్ను. మీ ఊరు పామిడేనా?" వేలు లేచింది.

"విడపనకల్లా?" బొటనవేలు మడిచాడు.

ఫకీరప్పకు ఇంకా చాలలేదు. వంగి, కొడుకు చెవి దగ్గర అడిగాడు. "ఒరే, మాయబ్బ ఇచ్చిన పాత విల్లు విరిగిపాయ గదా. గొర్రె తొక్కిందంటివి. విరగ్గొట్టింది నువ్వేనా?"

కాసేపు ఏమీ కదల్లేదు. తరవాత చూపుడువేలు నిదానంగా లేచింది.

"సూస్తివా! అప్పటినుంచీ గొర్రెను తిడ్తాండా నేను!" అన్నాడు ఫకీరప్ప గుసగుసగానే. ఆ తరవాత తుండు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న అడగాలి. ఇంటికి పోవడమా, ఉండడమా అని వరండాలో ఫకీరప్ప, నేను తేల్చుకోబోయాం. ఆ ప్రాణం ఎవరిదో అతన్ని అడగొచ్చని ఇద్దరికీ తోచలేదు. కానీ అడిగే ముందు అతనికి నిజం తెలియాలి. అబద్ధం విని ఇచ్చిన జవాబుకు విలువేముంది?

"దస్తగిరీ, ఇందాక నేనన్న మాట నువ్వు వింటివని నాకు తెలుసు. నాకు తెలిసినంతా చెప్తా. నువ్వు బతకొచ్చు, బతకకపోవచ్చు. బండిలో పోతే దారిలోనే కష్టం. ఈడ ఉంటే కొంత ఆశ ఉండాది. ఎంతనేది నాకు తెలీదు. మీ నాయన అడుగుతాడు, నీకేం కావల్లో చెప్పు."

ఫకీరప్ప గొంతు సవరించుకోబోయి, చప్పుడవుతుందని ఆపుకున్నాడు. "ఇంటికి పోదామా అప్పా?"

బొటనవేలు లోపలికి మడుచుకుంది. గట్టిగా.

"ఈడనే ఉంటావా?"

చూపుడువేలు.

బయటికొచ్చాక ఫకీరప్ప వరండా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. "సరే, వాడు ఉంటానన్యాడు, ఉంటాం. మాకొక మాటియ్యల్ల నువ్వు. బాగైపోతాడు అని ఇంగ చెప్పొద్దు. పొద్దుపొద్దుకూ ఎట్లుండాదో అట్లే చెప్పు. పోయేట్టుంటే ముందే చెప్పు, మాలో ఒకరు పక్కన ఉండల్ల. ఊరోళ్ళు రానీకుంటే వాళ్ళతో మేం మాట్లాడుకుంటాం, అది నీ పని గాదు."

మాటిచ్చాను. ఒక డాక్టరుగా నేను ఇచ్చిన మొదటి మాట అదే. అంతకుముందు ఇచ్చినవి మాత్రలే.

నా అరుపు

పెద్ద డాక్టరు వచ్చి, చీకటిగదిలో స్టూలు మీద కూర్చున్న మస్తానమ్మను చూసి నన్ను తన గదికి పిలిచారు. "ఆసుపత్రా, సంతా?"

"ఉండనివ్వకపోతే తీసుకుపోయేవారు సార్" అన్నాను. మంచం పక్కన నేనన్న మాట సంగతి చెప్పలేదు. చెప్పవలసింది. ఆయన రిటైరయ్యేదాకా కూడా చెప్పలేదు.

ఆయన షరతు పెట్టారు. "ఒక్కరు. గొంతు లేస్తే ఆ ఒక్కరూ బయటికే. వాళ్ళతోపాటు నువ్వూ."

మస్తానమ్మ, ఫకీరప్ప వంతులవారీగా కూర్చున్నారు. ఏ పనైనా చేసేముందు వాళ్ళే అతనికి చెప్పేవారు. "సూది వేస్తారు, ఎడమ తొడకు." "సిస్టరమ్మ గొట్టంలో గంజి పోస్తాంది." రోజూ పొద్దున నేను వరండాలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. నిన్నటికంటే మేలు. నిన్నటికంటే కష్టం. ఈ రోజు నాకు అర్థం కావడం లేదు. ఈ చివరి మాట అనడానికి నాకు చాలా కష్టమయ్యేది. వాళ్ళకు మాత్రం అదే ఎక్కువ నమ్మకం కలిగించిందని ఫకీరప్ప తరవాత చెప్పాడు.

అప్పుడొక మధ్యాహ్నం నేను తలుపు తోసి చూసేసరికి, ఫకీరప్ప చిన్న గ్లాసుతో కొడుకు పెదవుల మధ్య నీళ్ళు పోయబోతున్నాడు. బిగిసిన గొంతులోకి నీళ్ళు పోతే ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

"ఏయ్! ఏం చేస్తున్నావ్!"

ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ అరవలేదు. దస్తగిరి ఒళ్ళు మంచం మీదినుంచి లేచి విల్లయింది. ఈసారి గొంతు కూడా పట్టేసింది. ముఖం నీలం తిరిగింది. నేను, సిస్టర్ పరిగెత్తాం. మందు సూదిలోకి సిస్టర్ ఎక్కించింది. ఎంతసేపో చెప్పలేను, ఊపిరి మళ్ళీ కదిలేదాకా ముగ్గురం ఊపిరి లేకుండానే నిలబడ్డాం. నీళ్ళు ఒక్క చుక్క కూడా లోపలికి పోలేదు. చంపబోయింది నా అరుపు.

అంతా సర్దుకున్నాక ఫకీరప్ప గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. "ఏమప్పా, గొంతు లేస్తే బయటికే అంటిరి. ఇప్పుడెవురు పోవల్ల?"

"నేనే" అన్నాను. ఆయన పక్కన కింద కూర్చున్నాను. "ఎందుకు పోయబోతివి నాయనా?"

"నోరు ఎండిపోయి ఉండాది. దాహంతో పోతే ఎట్ల? మా ఇండ్లల్ల ఎవురూ దాహంతో పోగూడదు."

నీళ్ళు ఎందుకు పోయకూడదో ఆయనకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది. పోయవద్దని చెప్పాం. సిస్టర్ చెప్పింది, నేను చెప్పాను, గోడ మీద కూడా రాసి ఉంది. ఎందుకని మాత్రం చెప్పలేదు. గొంతులో రెండు దారులుంటాయని, బిగువు వస్తే నీళ్ళు తప్పుదారిన పోతాయని, దాహానికి గొట్టంలోంచి పోస్తున్నామని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "ఇదే ముందు చెప్పింటే ఏం పోయిండె?" అన్నాడు. ఆ తరవాత తడిదూదితో పెదవులు అద్దడం ఆయన పని అయింది. దాన్ని ఆయన తప్ప ఇంకెవరినీ చెయ్యనివ్వలేదు.

నాకు ఇప్పటికీ తెలియనివి

దస్తగిరి బతికాడు. ఎందుకు బతికాడో నాకు కచ్చితంగా తెలియదు. ముందుగా చెప్పి ముట్టుకుంటే బిగువు తక్కువగా వచ్చేదని నా కళ్ళతో చూశాను. తరవాత వచ్చిన రోగుల్లో కూడా దాన్ని గమనించాను. కొందరిలో తేడా కనిపించింది, కొందరిలో కనిపించలేదు. మందు పనిచేసే వేళకే ఆ మాటలు కూడా పడి ఉండవచ్చు. జబ్బు తీవ్రతే తక్కువై ఉండవచ్చు. ఇంటివాళ్ళను లోపలికి రానిస్తే రోగులు బతుకుతారని రాస్తే నా కథ బాగుంటుంది గానీ అబద్ధమవుతుంది. ఆ తరవాత కూడా ఆ గదిలో చాలామంది చనిపోయారు, ఇంటివాళ్ళ చెయ్యి పట్టుకునే.

ఇంకా నిజం చెప్పడం గురించి. ఉన్నదున్నట్టు చెప్పినా కొందరు బండి కట్టుకుని పోయారు. వాళ్ళది తప్పని నేనిప్పుడు అనను. ఒకరిద్దరికి నేనే చెప్పాను, ఇంటికి చేర్చాలనుకుంటే ఇదే సమయమని. దారిలో ఎలా పడుకోబెట్టాలో చూపించి పంపాను. పెద్ద డాక్టరు చెప్పినట్టు మంచం ఖాళీ అయింది. కానీ వెళ్ళినవాళ్ళు దొంగల్లా వెళ్ళలేదు, నేను వాళ్ళను దొంగల్లా చూడలేదు.

వరండాలో

దవడ తెరుచుకోవడానికి చాలా రోజులు పట్టింది. ముందు పళ్ళ సందులోంచి, తరవాత కొంచెం కొంచెంగా దస్తగిరి మాట్లాడసాగాడు. ఇంటికి పంపేరోజు పొద్దున అతన్ని వరండాలో ఎండకు కూర్చోబెట్టారు. మస్తానమ్మ మూట కడుతోంది. ఫకీరప్ప బండి కోసం పోయాడు. నేను పక్కన కూర్చున్నాను. ఒక ప్రశ్న నాలో చాలా రోజులుగా నలుగుతోంది. రోగి మంచిచెడ్డల కోసం కాదు, నాకు తెలుసుకోవాలని.

"దస్తగిరీ, రేపటికి ఉండడు అని నేనన్నప్పుడు నీకేమనిపించె?"

అతను దవడను చేత్తో రుద్దుకుంటూ ఆలోచించాడు. "చావు గురించి అంతగా ఆలోచన రాలా సార్. రేపంటే ఎప్పుడని, అదీ నాకు పట్టుకునింది. కిటికీలకు నల్లగుడ్డ. పగలో రాత్రో తెలీదు. తలుపు తెరుస్తానే, ఇదేనేమో రేపు అనుకుంటి. మూస్తానే, కాదులే, ఇంగా ఈ పొద్దే అనుకుంటి. ఎన్నితూర్లు అనుకొంటినో."

"మీ ఇంటామె వచ్చినాక, వేళ్ళతో చెప్పగలిగినాక?"

"మీరు అడిగినవాటికి చెప్తి. ఆయమ్మ అడిగె, నాయన అడిగె, నువ్వు అడిగితివి. అవును, కాదు. నేను అడగల్లంటే వేలు యాడుండాది సార్? ఇప్పుడు పొద్దా మాపా అని అడగల్లని ఎంత కొట్టుకొంటినో. ఒకరికీ తోచల్యా."

మూట కడుతున్న మస్తానమ్మ చేతులు ఆగిపోయాయి. ఆమెకు కూడా తోచలేదు.

ఆ తరవాత ఏ రోగి దగ్గరికి పోయినా, స్పృహ ఉన్నా లేకపోయినా, నేను ఎవరో, ఇది ఏ వారమో, పొద్దో సాయంత్రమో ముందుగా చెప్పడం మొదలుపెట్టాను. తరవాత, నువ్వు అడగాలనుకున్నది ఏదైనా ఉందా అని అడిగి, వేలు లేస్తే ఒక్కొక్కటే ఊహించి చెప్పుకుంటూ పోయేవాణ్ణి. ఇల్లా? పిల్లలా? నొప్పా? పశువులా? తోటి డాక్టర్లు నవ్వేవారు. కొత్త సిస్టర్లకు ఓపిక చాలేది కాదు. ఎక్కువసార్లు నేను ఊహించేది తప్పయ్యేది. అయినా అడుగుతున్నామని తెలిస్తే ఆ కళ్ళు వేరేగా చూస్తాయి. మీరే గమనించండి.

వరండాలో ఆ పొద్దు మాత్రం నాకు ఇదంతా తోచలేదు. ఏదో ఒకటి ఇవ్వాలనిపించి అన్నాను: "ఇప్పుడు నోరొచ్చింది గదా. అడుగు, ఏం అడగల్లనుకుంటివో."

దస్తగిరి నా ముఖంలోకి సూటిగా చూశాడు.

"ఆ మాట నువ్వు నిజంగా నమ్మే అంటివా సార్? ల్యాకుంటే సిస్టరమ్మతో ఉత్తగా అంటివా?"

ఉత్తగా అన్నానంటే అతను ఊరుకునేవాడు. నాకూ తేలికయ్యేది.

"నమ్మే అంటి" అన్నాను.

అతను తల పంకించాడు. గేటు దగ్గర ఫకీరప్ప ఎద్దులను అదిలిస్తున్న కేక వినిపించింది. దస్తగిరి గోడ పట్టుకుని మెల్లగా లేచాడు.

"తప్పుగా చూస్తివి సార్."

"తప్పుగానే చూస్తి" అన్నాను. అప్పుడు అతను చెయ్యి చాపాడు, బండి దాకా పట్టుకుని నడిపించమని.